వేడినీళ్ల నుంచి కరెంటు: చిన్న ఎక్స్‌పాండర్ ఇంజిన్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

రైస్ మిల్లు వాళ్లు, బయోగ్యాస్ ప్లాంటు వాళ్లు, డెయిరీ మేనేజర్లు, ఇంజినీరింగ్ ఫైనలియర్ పిల్లలు... అడిగే మనిషి మారతాడు గానీ ప్రశ్న మారదు. ఫోన్లో ఒక్కొక్కరికీ మళ్లీ మళ్లీ చెప్పే కంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. దేని జవాబు దానికే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఇక్కడ డిగ్రీలన్నీ సెంటీగ్రేడ్‌లోనే.

## ఇంకా ఆలోచనలోనే ఉన్నవాళ్లకి

మా దగ్గర 90 డిగ్రీల నీళ్లు ఊరికే పోతున్నాయి. వాటితో కరెంటు తీయొచ్చా?

తీయొచ్చు. ఫ్రిజ్‌ని తిరగేసి నడిపినట్టు అనుకోండి. ఫ్రిజ్‌లో కరెంటు ఖర్చుపెట్టి వేడిని లోపలి నుంచి తోడి బయట పోస్తాం. ఇక్కడ వేడిని ఒకవైపు నుంచి ఎక్కించి, ఇంకోవైపు వదిలేస్తూ మధ్యలో కరెంటు పట్టుకుంటాం. తక్కువ వేడికే మరిగే ఒక ద్రవం (వాడుకలో దీన్నే గ్యాస్ అనేస్తాం) మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. మీ వేడినీళ్లు దాన్ని ఆవిరి చేస్తాయి. ఒత్తిడి మీదున్న ఆ ఆవిరి ఎక్స్‌పాండర్‌లోకి దూరి, వ్యాకోచిస్తూ దాన్ని, దానికి తగిలించిన జనరేటర్‌ని తిప్పుతుంది. బయటికొచ్చిన ఆవిరిని కండెన్సర్‌లో చల్లార్చి మళ్లీ ద్రవం చేసి, పంపుతో మొదటికి నెడతాం. దీన్ని ఆర్గానిక్ ర్యాంకిన్ సైకిల్ అంటారు, వాడుకలో ఓఆర్‌సీ. ఆర్గానిక్ అన్నారు కదా అని ఎరువుల్లేని వ్యవసాయం గుర్తు తెచ్చుకోకండి. లోపల తిరిగేది కార్బన్ సమ్మేళనం కాబట్టి ఆ పేరు, అంతే.

వేడిలో ఎంత శాతం కరెంటుగా మారుతుంది?

ఈ జవాబు వినగానే సగం మంది ఫోన్ పెట్టేస్తారు. 90 డిగ్రీల వేడి, 30 డిగ్రీల చల్లదనం ఉన్నాయనుకుందాం. కెల్విన్లలో 363, 303. తేడా 60ని 363తో భాగిస్తే 16.5 శాతం. ఇది కార్నో హద్దు, ప్రకృతి పెట్టిన గీత. ఎంత డబ్బు పోసినా ఏ యంత్రమూ దాన్ని దాటలేదు. నిజం యంత్రాలు ఇందులో సగానికి అటూఇటూగా ఆగిపోతాయి. పంపు, ఫ్యాన్లు తినేది తీసేశాక చిన్న యూనిట్లలో చేతికి మిగిలేది 5 నుంచి 7 శాతం. అంటే 100 కిలోవాట్ల వేడి పోస్తే 5 నుంచి 7 కిలోవాట్ల కరెంటు.

90 డిగ్రీల నీళ్లతో 12 శాతం ఇస్తామని ఎవరైనా కొటేషన్ ఇస్తే ఒకే ఒక్క మాట అడగండి: "మీరు అనుకున్న చల్లనీళ్ల ఉష్ణోగ్రత ఎంత?" వచ్చే జవాబు బహుశా 10 డిగ్రీలో 15 డిగ్రీలో అవుతుంది. ఆ నీళ్లు మన నేల మీద దొరకవు.

ఇంత తక్కువ వస్తే ఇంత తంటా ఎందుకు?

ఇంధనం ఖర్చు లేదు కాబట్టి. కానీ దానికంటే ముందు ఇంకొకటి చూసుకోవాలి. వేడిని వేడిగానే వాడుకునే దారి ఉందా? బాయిలర్‌లోకి పోయే నీటిని ముందే వేడిచేస్తే, ప్రతి 6 డిగ్రీల పెరుగుదలకి ఇంధనం సుమారు 1 శాతం మిగులుతుంది. బాయిల్డ్ రైస్ మిల్లులో వడ్లు నానబెట్టడానికి వేడినీళ్లు కావాలి, డెయిరీలో క్యాన్లు, ట్యాంకులు కడగడానికి కావాలి. అక్కడ 100 కిలోవాట్ల వేడిలో 80, 90 కిలోవాట్లు పనికొస్తాయి. అదే వేడిని కరెంటు చేస్తే మిగిలేది ఆరేడు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి కావలసింది ఓఆర్‌సీ కాదు, ఒక హీట్ ఎక్స్చేంజరూ, నాలుగు వాల్వులూ.

వేడిగా వాడుకునే చోటు ఏదీ లేదని తేలాకే కరెంటు సంగతి చూడండి.

ఇదంతా ఎందుకు, చిన్న ఆవిరి ఇంజిన్ పెడితే పోలా?

100 డిగ్రీల లోపు వేడితో నీటిని ఆవిరి చేయాలంటే వాక్యూమ్ కావాలి. ఆ ఆవిరిని 40 డిగ్రీల దగ్గర చల్లార్చాలంటే లోపలి ఒత్తిడి 0.074 బార్‌కి దిగాలి. ఎక్కడ సందు దొరికినా బయటి గాలి లోపలికి దూరుతుంది. పైగా 40 డిగ్రీల దగ్గర ఒక కిలో నీటి ఆవిరి 19 ఘనపు మీటర్ల పైన చోటు ఆక్రమిస్తుంది. ఐదు కిలోవాట్ల కోసం గది అంత ఇంజిన్ కట్టుకోవాల్సి వస్తుంది. ఫ్రిజ్ గ్యాస్ జాతి ద్రవాలకి ఈ బాధ లేదు, ఆవిరి చిక్కగా ఉంటుంది, యంత్రం చిన్నదవుతుంది.

అయితే మీ దగ్గర ఇప్పటికే ఆవిరి ఉంటే కథ వేరు. చాలా ఫ్యాక్టరీల్లో బాయిలర్ 8, 10 బార్ల మీద నడుస్తుంది, వాడేది మాత్రం 2, 3 బార్ల మీద. మధ్యలో పీఆర్‌వీ (ఒత్తిడి తగ్గించే వాల్వు) పెట్టి ఒత్తిడిని చంపేస్తారు. ఆ వాల్వు పక్కన ఒక స్టీమ్ ఎక్స్‌పాండర్ పెడితే, వేడి దాదాపు అలాగే కిందికి పోతుంది, దారిలో కరెంటు దొరుకుతుంది. కండెన్సర్ లేదు, కూలింగ్ టవర్ లేదు. ఓఆర్‌సీ అడగడానికి వచ్చిన వాళ్లని ముందు పీఆర్‌వీ దగ్గరికే తీసుకెళ్లి చూపిస్తాను.

ఇది కొత్త టెక్నాలజీయా? ఎక్కడైనా నిజంగా నడుస్తోందా?

పాతదే. 1880ల్లోనే అమెరికాలో నాఫ్తాను మరిగించి నడిపే చిన్న పడవలు ఉండేవి. 1961లో ఇజ్రాయెల్‌కి చెందిన హ్యారీ టాబర్, లూసియన్ బ్రోనికీ ఎండతో నడిచే చిన్న ఓఆర్‌సీ టర్బైన్‌ని ప్రపంచానికి చూపించారు. ఆ బ్రోనికీ, ఆయన భార్య కలిసి 1965లో ఓర్మాట్ కంపెనీ పెట్టారు. 1967లో సోవియట్ వాళ్లు కమ్చాట్కాలోని పరతున్కా దగ్గర దాదాపు 80 డిగ్రీల భూగర్భ జలంతో కరెంటు తీశారు.

తక్కువ వేడికి అందరూ చెప్పే ఉదాహరణ అలాస్కాలోని చేనా హాట్ స్ప్రింగ్స్. 2006 నుంచి అక్కడ 74 డిగ్రీల నీళ్లతో 200 కిలోవాట్ల తరగతి యూనిట్లు నడిచాయి. లోపల తిరిగేది ఆర్-134ఏ, భాగాల్లో చాలావరకు పెద్ద ఏసీ చిల్లర్ల నుంచి తెచ్చినవే. సామర్థ్యం 8 శాతం దాకా వచ్చింది. కారణం యంత్రంలో మాయ కాదు, పక్కనున్న 4, 5 డిగ్రీల చల్లనీళ్లు.

మన దగ్గరికొస్తే, తాడిపత్రి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో క్లింకర్ కూలర్ వేడితో నడిచే మెగావాట్ల స్థాయి ఓఆర్‌సీ 2000ల దశకంలోనే వచ్చింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు ప్రాంతంలోని పగిడేరులో భూమిలోంచి ఉబికే వేడినీళ్లతో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది, అదీ ఈ పద్ధతిదే.

ఈ డబ్బుతో సోలార్ పెట్టుకుంటే మేలు కాదా?

కప్పు మీద చోటుంటే, మీ వేడి పగలు ఎనిమిది గంటలే ఉంటే, సోలారే పెట్టుకోండి. రాత్రీ పగలూ ఆగకుండా వచ్చే వేడికే ఓఆర్‌సీ అందం.

## కొలతలు, లెక్కలు

నా దగ్గర ఎంత వేడి ఉందో ఎలా తెలుస్తుంది?

ఒక 200 లీటర్ల డ్రమ్ము, ఒక స్టాప్‌వాచ్, ఒక థర్మామీటరు చాలు. నీళ్లు పడే గొట్టాన్ని డ్రమ్ములోకి తిప్పండి. నిండటానికి 70 సెకన్లు పట్టిందనుకోండి, సెకనుకి 2.86 లీటర్లు. ఆ నీటిని 88 నుంచి 78 డిగ్రీలకి చల్లార్చగలిగితే 10 డిగ్రీల తేడా. 2.86ని 10తో, మళ్లీ 4.18తో గుణిస్తే దాదాపు 120 కిలోవాట్ల వేడి. అందులో 6 శాతం అంటే 7 కిలోవాట్ల కరెంటు.

ఒక్కసారి కొలిచి వదిలేయొద్దు. షిఫ్టు మారినప్పుడు, లోడు తగ్గినప్పుడు, ఆదివారం సాయంత్రం... కనీసం వారం రోజులు, గంటకోసారి రాయండి. పుస్తకంలో ఫిట్టర్ చేతిరాతతో ఉన్న ఆ అంకెలు ఏ కన్సల్టెంట్ రిపోర్టు కంటే విలువైనవి. "ఎప్పుడూ 90 ఉంటుందండీ" అని చెప్పిన ఒకచోట మేం వారం కొలిస్తే సగం గంటలు 72 దగ్గర ఉంది. గేజి చూసేది పొద్దున లోడు మీదున్నప్పుడే కాబట్టి వాళ్లకి 90 అనిపించింది.

పొగగొట్టం వేడి వాడుకోవచ్చా? అది ఇంకా ఎక్కువ కదా?

ఉష్ణోగ్రత ఎక్కువే, కానీ పొగ నుంచి వేడి లాగడం నీళ్ల నుంచి లాగినంత తేలిక కాదు. వాయువుకి పెద్ద హీట్ ఎక్స్చేంజర్ కావాలి. బొగ్గు, ఫర్నేస్ ఆయిల్ కాల్చేచోట పొగను మరీ చల్లారిస్తే గంధకం ఆమ్లమై గొట్టం గోడల మీద చెమటలా పడుతుంది, ఇనుము తినేస్తుంది. ఊక పొయ్యిలో గంధకం భయం తక్కువ, బూడిద భయం ఎక్కువ. ఊకలో ఐదో వంతు బూడిదే, అందులో దాదాపు అంతా సిలికా. గొట్టాలకి గరుకు కాగితంతో రుద్దినట్టు రాపిడి, వాటి మధ్య మేట. చీపురు దూరేంత సందు, తెరవడానికి తలుపు లేని ఎక్స్చేంజర్ కొనకండి.

పొగతో నేరుగా గ్యాస్‌ని మరిగించొద్దు కూడా. ఎక్కడో ఒకచోట గొట్టం మరీ వేడెక్కి గ్యాస్, ఆయిల్ మాడిపోతాయి. మధ్యలో ఒక వేడినీటి లూపో థర్మిక్ ఆయిల్ లూపో ఉండాలి.

మా డీజీ సెట్ జాకెట్ వాటర్‌కి పెట్టొచ్చా?

ఇంజిన్‌లో కాలిన డీజిల్ శక్తిలో సుమారు మూడో వంతు కరెంటు, మూడో వంతు పొగ, మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం జాకెట్ నీళ్లు, అంటే ఇంజిన్‌ని చల్లార్చే నీళ్లు. 80, 90 డిగ్రీల శుభ్రమైన నీళ్లు, పంపు కూడా ముందే ఉంది. లెక్కకి బ్రహ్మాండం. కానీ మీ డీజీ సెట్ కరెంటు పోయినప్పుడే కదా నడిచేది? నెలకి పది గంటలు నడిచే దానికి ఓఆర్‌సీ బిగించడం పెళ్లికోసం కొన్న పట్టుచీరకి రోజూ ఇస్త్రీ చేసుకోవడం లాంటిది. ఇరవైనాలుగు గంటలూ తిరిగే బయోగ్యాస్ ఇంజినో, గ్యాస్ ఇంజినో అయితే అప్పుడు మాట్లాడదాం.

ఎండాకాలంలో కరెంటు తగ్గిపోతుందట, నిజమేనా?

నిజమే, మన దగ్గర అసలు సమస్య ఇదే. వేడి వైపు అందరూ చూస్తారు, చల్లని వైపు ఎవరూ చూడరు. 90 డిగ్రీల నీళ్లే ఉన్నాయి, గాలితో చల్లార్చే కండెన్సర్ పెట్టారు. జనవరి రాత్రి గ్యాస్ 32 డిగ్రీల దగ్గర చల్లారుతుంది, కార్నో హద్దు 16 శాతం. మే నెల మధ్యాహ్నం రామగుండంలో గాలే 43 డిగ్రీలు, గ్యాస్ 55 దగ్గరకి గానీ చల్లారదు. హద్దు 9.6కి పడిపోతుంది. అదే యంత్రం, అదే వేడి, నలభై శాతం కరెంటు మాయం. ఫ్యాన్లు మాత్రం ఫుల్ స్పీడ్‌లో తింటూనే ఉంటాయి.

కూలింగ్ టవర్ పెడితే ఈ దెబ్బ చాలా తగ్గుతుంది. దానికి నీళ్లు కావాలి. 100 కిలోవాట్ల వేడి తీసుకునే యూనిట్ 93 కిలోవాట్లని టవర్‌లో వదలాలి. గంటకి 140 లీటర్లు ఆవిరైపోతాయి, రోజుకి మూడు వేల లీటర్ల పైమాటే, ఉప్పు పేరుకోకుండా వదిలేసే నీళ్లు అదనం. కాలవ పక్కన ఇది లెక్కలోకి రాదు. అనంతపురంలో ట్యాంకర్ కొనుక్కునేవాళ్లు మాత్రం ఆ బిల్లుని కరెంటు బిల్లు పక్కన పెట్టి చూసుకోవాలి.

## యంత్రం, గ్యాస్ ఎంచుకునేటప్పుడు

ఏసీ మెకానిక్ దగ్గర దొరికే గ్యాస్ పనికొస్తుందా?

ఇప్పటి ఏసీల్లో వాడే ఆర్-32, ఆర్-410ఏ పనికిరావు. ఆర్-32కి 78 డిగ్రీలు దాటితే ద్రవం, ఆవిరి అనే తేడానే ఉండదు, 410ఏకి ఆ హద్దు ఇంకా తక్కువ. 60 డిగ్రీలకే ఆర్-32 ఒత్తిడి 39 బార్లు. 90 డిగ్రీల నీళ్లకి అవి కుదరవు. కార్లలో వాడే ఆర్-134ఏ హద్దు 101 డిగ్రీలు, కాబట్టి 70, 75 డిగ్రీల వేడికి సరే, ఒత్తిడి 20 బార్ల మీద ఉంటుందని గుర్తుంచుకోవాలి.

90 నుంచి 120 డిగ్రీల మధ్య ఎక్కువగా వాడుతూ వచ్చింది ఆర్-245ఎఫ్‌ఏ. మామూలు గాలి ఒత్తిడిలో 15 డిగ్రీలకే మరుగుతుంది, 90 దగ్గర దాదాపు 10 బార్లు, 40 దగ్గర రెండున్నర. అంటుకోదు. కానీ కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే భూమిని వేడెక్కించే శక్తి వెయ్యి రెట్ల దగ్గర. కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది, 2028 నుంచి ఈ జాతి వాయువులకి కళ్లెం పడుతుంది. అందుకే కొత్తగా పెట్టేవాళ్లకి ఆర్-1233జెడ్‌డీ చెబుతున్నాను. ఒత్తిళ్లు దాదాపు దగ్గరగానే ఉంటాయి, వాతావరణానికి చెరుపు నామమాత్రం. ధర మాత్రం కంట్లో నీళ్లు తెప్పిస్తుంది, లీకులు ఓపికగా వెతికే అలవాటు దానంతటదే వస్తుంది.

పెంటేన్ చౌక, పని కూడా బాగా చేస్తుంది. గాలిలో ఒకటిన్నర శాతం కలిస్తే చాలు, నిప్పురవ్వకి పేలుతుంది. ఊక పొయ్యి పక్కన పెంటేన్ అంటే నేను అటు రాను.

పాత ఏసీ కంప్రెసర్‌ని తిప్పి ఎక్స్‌పాండర్‌గా వాడొచ్చా?

స్క్రోల్ రకమైతే వాడొచ్చు. చిన్న ప్రయోగాల్లో ఎక్కువ మంది మొదలుపెట్టేది దీంతోనే. స్క్రోల్‌లో రెండు సుడి పలకలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి, మధ్యలో చంద్రవంక లాంటి గదులు. కంప్రెసర్‌లో ఆ గదులు అంచు నుంచి మధ్యకి కుంచించుకుపోతాయి. మనం మధ్యలో ఒత్తిడి ఆవిరి పోస్తే అవే గదులు పెద్దవవుతూ అంచుకి జరుగుతాయి, షాఫ్టు ఎదురుదిశలో తిరుగుతుంది. ఈ సుడి ఆలోచనకి లియోన్ క్రూ అనే ఫ్రెంచి ఆయన 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు, అంత సన్నగా చెక్కే యంత్రాలు రావడానికి మాత్రం డెబ్బై ఏళ్లు పట్టింది.

మొదటిసారి మేం ఇలాంటిదే స్క్రాప్‌లో కొని బిగించాం. ఆవిరి పోశాం, గేజి 9 బార్లు చూపిస్తోంది, షాఫ్టు కదలదు. రెండు రోజులు ప్యానెల్‌ని, మోటారుని తిట్టుకున్నాం. మూడో రోజు పై మూత కోయిస్తే డిశ్చార్జ్ రంధ్రం మీద రూపాయి బిళ్లంత చెక్ వాల్వు గట్టిగా మూసుకుని కూర్చుని ఉంది. మనం దాని వెనక నుంచి తోస్తున్నాం మరి, ఎందుకు తెరుచుకుంటుంది? అది తీసేయగానే తిరిగింది.

ఇంకొన్ని జాగ్రత్తలు. పిస్టన్ కంప్రెసర్లు, కార్లలో వచ్చే స్వాష్‌ప్లేట్ రకాల్లో రీడ్ వాల్వులు ఉంటాయి, అవి ఎదురు తిరగవు. సీల్డ్ స్క్రోల్ అయితే లోపలి మోటారే జనరేటర్ అవుతుంది, మూడు ఫేజులది చూసుకోండి. ఏసీ స్క్రోల్‌లో ఆవిరి రెండున్నర, మూడు రెట్లు మాత్రమే వ్యాకోచిస్తుంది. 90కి 40కి మధ్య మనకి నాలుగు రెట్లు కావాలి, కొంత ఒత్తిడి ఊరికే పోతుంది, ఫర్వాలేదు. మూడు టన్నుల స్క్రోల్ నుంచి ఒకటి, ఒకటిన్నర కిలోవాట్ వస్తే సంతోషించండి.

స్క్రోల్, స్క్రూ, పిస్టన్, టర్బైన్... ఏది తీసుకోవాలి?

పది కిలోవాట్ల లోపు స్క్రోల్. ఇరవై నుంచి వందల కిలోవాట్ల దాకా జంట స్క్రూ, ఆవిరిలో తడి చుక్కలున్నా ఓర్చుకుంటుంది, లోడు అటూఇటూ అయినా అలగదు. ఒత్తిడి తేడా బాగా ఎక్కువగా ఉంటే పిస్టన్, కానీ వాల్వుల టైమింగ్, చప్పుడు, అరుగుదల మీ నెత్తినే. చిన్న టర్బైన్ నిమిషానికి పదివేల చుట్లు దాటి తిరుగుతుంది, దానికి తగ్గ బేరింగులు, ఎలక్ట్రానిక్స్ కావాలి. పెద్ద సైజులో అదే రాజు, చిన్న మిల్లులో అది పాడైతే బాగుచేసే మనిషి ఆ జిల్లాలో దొరకడు. ఎంపికలో నేను వేసుకునే మొదటి ప్రశ్న కూడా అదే.

ఫీడ్ పంపు చిన్న విషయమే కదా, ఏదో ఒకటి పెట్టేస్తే?

కాదు. ఆగిపోయిన ప్లాంట్లలో నేను చూసినంతలో ఎక్కువ వాటికి జబ్బు పంపు దగ్గరే. కండెన్సర్ నుంచి వచ్చే ద్రవం మరిగే అంచున ఉంటుంది. పంపు కాస్త గట్టిగా పీల్చగానే ఒత్తిడి తగ్గి అక్కడికక్కడే ఆవిరైపోతుంది. గులకరాళ్లు వేసి తిప్పినట్టు చప్పుడు, గేజి ముల్లు వణుకు, ద్రవం మాత్రం కదలదు. మందు సులువే: రిసీవర్ ట్యాంకుని (చల్లారిన ద్రవం చేరే తొట్టి) పంపు కంటే మీటరున్నర ఎత్తులో పెట్టండి, పీల్చే గొట్టాన్ని లావుగా, పొట్టిగా ఉంచండి, ద్రవాన్ని ఇంకో ఐదు డిగ్రీలు చల్లార్చి పంపండి. ఆర్-245ఎఫ్‌ఏ నీటికంటే బరువు కాబట్టి ఆ మీటరున్నర ఎత్తే రెండు, మూడు డిగ్రీల చల్లదనంతో సమానం. స్టార్ట్ చేసేటప్పుడు ముందు చల్లనీళ్లు, తర్వాత పంపు, చివర వేడినీళ్లు.

చిన్న పంపుల సామర్థ్యం నాసిగా ఉంటుంది, తీసిన కరెంటులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా అదే మింగేస్తుంది. కొటేషన్‌లో గ్రాస్ అని రాసిన కిలోవాట్లని చూసి మురిసిపోకండి, నెట్ ఎంతో రాయించుకోండి.

## బిగించేటప్పుడు

జనరేటర్ కొత్తగా కొనాలా? మామూలు మోటారు సరిపోదా?

గ్రిడ్‌కి కలిపి నడిపితే మామూలు త్రీఫేజ్ ఇండక్షన్ మోటారు చాలు. నాలుగు పోళ్ల మోటారుకి 50 హెర్ట్జ్ మీద సింక్రనస్ వేగం 1500. నేమ్‌ప్లేట్ మీద 1440 అని ఉంటే మోటారుగా 60 చుట్లు వెనకబడి నడుస్తుందన్నమాట. దాన్ని 1560 దగ్గర తిప్పండి, అంతే కరెంటు ఎదురు ఇస్తుంది. అయస్కాంత బలం గ్రిడ్ నుంచే తీసుకుంటుంది కాబట్టి సింక్రనైజ్ చేసే తలనొప్పి లేదు.

నడుస్తుండగా కరెంటు పోతే ఏమవుతుంది?

లోడు ఒక్కసారిగా మాయమవుతుంది, ఆవిరి తోస్తూనే ఉంటుంది, ఎక్స్‌పాండర్ పిచ్చెక్కినట్టు పరుగెడుతుంది. కొన్ని సెకన్లలో బేరింగులు పోతాయి. అందుకే కరెంటు పోగానే దానంతటదే తెరుచుకుని ఆవిరిని నేరుగా కండెన్సర్‌కి మళ్లించే బైపాస్ వాల్వు, ఎక్స్‌పాండర్ ముందు మూసుకునే షటాఫ్ వాల్వు తప్పనిసరి. రెండూ కరెంటు లేనప్పుడు సురక్షిత స్థితికి వచ్చేవే కావాలి. పవర్ ఫ్యాక్టర్ కోసం కెపాసిటర్లు ఎడాపెడా పెట్టేస్తే ఇంకో ముప్పు: గ్రిడ్ పోయినా జనరేటర్ వాటి బలంతో వోల్టేజ్ ఇస్తూనే ఉంటుంది. స్తంభం మీద లైన్‌మన్ పనిచేస్తుంటాడు. గ్రిడ్ పోగానే జనరేటర్‌ని విడదీసే రిలే టెస్ట్ కాగితం మీద కాదు, మెయిన్ స్విచ్ లాగి చేయించండి.

గ్యాస్ లీకైతే ప్రాణానికి ప్రమాదమా?

ఈ వాయువులు గాలికంటే బరువు. మూసిన గదిలో నేలమీద చేరి గాలిని పైకి నెట్టేస్తాయి, వాసన పెద్దగా తెలియదు. గోతిలోనో సెల్లార్‌లోనో యూనిట్ పెట్టొద్దు, నేల దగ్గర గాలి పోయే సందు ఉండాలి. లీకు ఉన్నచోట వెల్డింగ్ చేస్తే ఆ మంటకి విషవాయువు పుడుతుంది. ప్రెషర్ టెస్ట్ నైట్రోజన్‌తోనే చేయాలి. సిలిండర్ దగ్గరగా ఉందని ఆక్సిజన్ ఎక్కిస్తే ఆయిల్‌తో కలిసి పేలుతుంది.

అనుమతులు ఏమేం కావాలి?

గ్రిడ్‌కి కలిపి నడపాలంటే డిస్కం అనుమతి, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ. బాయిలర్ పొగదారిలో ఏదైనా జోడిస్తే బాయిలర్ల శాఖతో ముందే మాట్లాడండి, 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది. పెంటేన్ లాంటివి నిల్వచేస్తే పెట్రోలియం నిబంధనలు వర్తిస్తాయి, పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) సంగతి చూసుకోవాలి.

## నడవడం మొదలయ్యాక

మొదటి నెల బాగా వచ్చింది, ఇప్పుడు కరెంటు తగ్గిపోయింది. ఎందుకు?

మూడు కారణాల్లో ఏదో ఒకటి. మొదటిది గార. నల్గొండ, ప్రకాశం వైపు బోరునీళ్లతో టవర్ నడిపితే ప్లేట్ల మీద తెల్లటి పెంకు కట్టడానికి నెల చాలు. చల్లనీళ్లు లోపలికెళ్లేటప్పుడు, బయటికొచ్చేటప్పుడు ఒత్తిడి తేడా మొదటిరోజే రాసిపెట్టుకుంటే, పెరిగినప్పుడు వెంటనే తెలుస్తుంది.

రెండోది గాలి. కండెన్సర్‌లో గ్యాస్ 40 డిగ్రీల దగ్గర ఉంది, అది ఆర్-245ఎఫ్‌ఏ అయితే గేజి మీద ఒకటిన్నర బార్ కనబడాలి (బయటి గాలి ఒత్తిడి ఒక బార్‌ని గేజి లెక్కలోకి తీసుకోదు). రెండు దాటి చూపిస్తోందంటే లోపల గాలో నైట్రోజనో చిక్కుకుంది. యూనిట్ ఆపి, చల్లారాక, కండెన్సర్ పైభాగం నుంచి రికవరీ మెషిన్‌తో మెల్లగా లాగాలి.

మూడోది గ్యాస్ తగ్గడం. పంపు అప్పుడప్పుడు గులకరాళ్ల చప్పుడు చేస్తుంటే ముందు దీన్ని అనుమానించండి. సబ్బు నురగతో ప్రతి జాయింటూ చూడండి, షాఫ్టు సీలు దగ్గర రెండుసార్లు.

పెట్టుబడి ఎన్నేళ్లకి తిరిగొస్తుంది?

కిలోవాట్ ధర కంటే గంటలు ముఖ్యం. నికరంగా 7 కిలోవాట్లు ఇచ్చే యూనిట్‌కి అంతా కలిపి 25 లక్షలు అయిందనుకుందాం, మీ కరెంటు యూనిట్ 8 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 8,000 గంటలు నడిస్తే 56,000 యూనిట్లు, నాలుగున్నర లక్షలకి కాస్త తక్కువ. ఐదున్నరేళ్లు. అదే మిల్లు సీజన్‌లో 2,000 గంటలే నడిస్తే 1,12,000 రూపాయలు, ఇరవై రెండేళ్లు. అప్పటికి ఎక్స్‌పాండర్ రెండుసార్లు మార్చి ఉంటారు. ఇందులో నీళ్లు, ఆయిల్, గ్యాస్ నింపుళ్లు కలపలేదు.

మేం ఫైనలియర్ స్టూడెంట్స్. సెమిస్టర్‌లో చేయగలిగే ప్రాజెక్టేనా?

మొత్తం సైకిల్ కట్టాలని దిగితే సెమిస్టర్ అయిపోతుంది, లీకులు అవ్వవు. ఎక్స్‌పాండర్ ఒక్కటీ తీసుకోండి. స్క్రోల్ కొని, చెక్ వాల్వు తీసి, కాలేజీ వర్క్‌షాప్ ఎయిర్ కంప్రెసర్‌తో 5, 6 బార్ల గాలి మీద తిప్పండి. షాఫ్టుకి మోటారు, మోటారుకి బల్బుల లోడు. ఒత్తిడి, వేగం, వాట్లు పట్టికలో రాయండి. గాలి బయటికొచ్చే చోట గొట్టం చల్లబడి చెమట పడుతుంది, చెయ్యి పెట్టి చూడండి. వైవాలో ఎగ్జామినర్‌ని కూడా పెట్టమనండి.